బావి గట్టు మీదికి వచ్చిన గాలి మిషను

మా తళి పక్క బావి తవ్వితే పైన మట్టి, కింద బండ. మట్టి వరకూ ఎవరైనా తవ్వుతారు. బండ తగిలితే ఒడ్డెవాళ్ళని పిలవాల్సిందే. ఇంట్లో తెలుగు మాట్లాడే ఈ జనాన్ని కన్నడంలో బోవి అంటారు, తమిళంలో ఒట్టర్, బోయర్ అంటారు. పేర్లు మూడైనా పని ఒకటే. ఒకరు ఉక్కు కడ్డీ పట్టుకుని తిప్పుతా ఉంటే ఇంకొకరు సమ్మెటతో కొట్టేవాళ్ళు. ఆ తూటులో మందు కూరి, తిరి అంటించి, అందరూ పైకి ఎక్కేసేవాళ్ళు.

గాలితో రాయి తొలవడం పాత విద్యే. ఆల్ప్స్ కొండల్లో మోంట్ సెనీ సొరంగానికి 1861లోనే గాలి డ్రిల్లులు దింపారు. మనకి దగ్గర్లో కోలార్ బంగారు గనుల్లోనూ వాడారు. అయితే అక్కడ కంప్రెసర్ కదలదు, పైపుల్లో గాలే పోతుంది. రైతు బావికి అది కుదిరే పని కాదు. కరెంటు లేని చేలోకి కంప్రెసరే నడిచి రావాలి.

దానికి ట్రాక్టరు దొరికింది. దుక్కికి కొన్న ఇంజనే దీనికీ సరిపోతుంది. వెనక తిరిగే పీటీఓ షాఫ్టుకి కంప్రెసర్ తగిలిస్తారు, పక్కన గాలి ట్యాంకు. సుత్తి గాలిని దెబ్బదెబ్బకీ లాగుతుంది కాబట్టి ట్యాంకు లేకుంటే ఒత్తిడి నిలవదు. ఒత్తిడి మీరితే వదిలేసే వాల్వు ఒకటి, ట్యాంకు అడుగున చేరే నీళ్ళు వదిలే కొళాయి ఒకటి. బండి గట్టు మీదే నిలబడి ఉంటుంది, రబ్బరు గొట్టం మాత్రం బావిలోకి దిగుతుంది. కడ్డీని మిషనే తిప్పుతుంది. కడ్డీ నడుమ బొక్కలోంచి గాలి పోయి పొడిని బయటికి ఊదేస్తుంది.

ఆ పొడి ఎక్కడికి పోతుంది? బావిలో ఉన్నవాడి ఊపిరితిత్తుల్లోకే. నీళ్ళు పోస్తా తొలిస్తే పొడి అణుగుతుంది, కానీ ఎండు తొలుపే త్వరగా అవుతుంది. రాతి పొడికి వచ్చే సిలికోసిస్ నయమయ్యే జబ్బు కాదు. సమ్మెట పోయి ఒళ్ళు నొప్పి తగ్గిందని మనం సంబరంగా చెప్పుకుంటాం, ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

తరవాత తిరుచెంగోడు పక్కనుంచి బోరు లారీలు వచ్చాయి. లారీ మీదే పెద్ద కంప్రెసర్, సుత్తి బోరు అడుగున. మనిషి కిందికి దిగే పనే లేదు. బావులూ ఎండాయి, ఒడ్డె పనీ ఎండింది.

మా బావి గోడల్లో నిలువు గీతలు ఇంకా ఉన్నాయి, సగం కోసిన గొట్టాల మాదిరి. పై వరసలో పొట్టిగా, కొంచెం వంకరగా ఉన్నవి సమ్మెటవి. కింద, బావి లోతు చేసినప్పటివి, నిటారుగా ఉన్నవి ట్రాక్టరువి.