నాడీమండలము మనకు తెలిసిన విధము

మన యిండ్లలో "నరము" అను మాటకు నిశ్చితమైన యర్థము లేదు. ముంజేతిమీద నీలముగ నుబ్బి కనబడుదానిని నరమందురు. మెడ పట్టినచో నరము పట్టినదందురు. కాలు మడతబడినచో నరము తప్పినదందురు. వైద్యుడు మణికట్టును బట్టి చూచుదానిని నాడి యందురు. నిజమునకు మొదటిది చెడురక్తమును గుండెకు గొనిపోవు సిర, రెండవది కండరము, మూడవది కండరబంధము, వైద్యుడు చూచునది గుండె కొట్టుకొనుటచే నెగురు ధమని. అసలైన నరము వీనిలో నేదియు గాదు. ఈ గందరగోళము మన భాషకు మాత్రమే చెందినది గాదు. గ్రీకుభాషలోని "న్యూరాన్" అను శబ్దమునకు తొలుత కండరబంధమనియు, అల్లెత్రాడనియు నర్థములు. సంస్కృతమునందలి స్నాయుశబ్దము గతియు నిట్టిదే. శరీరమును కోసి చూచువానికి తెల్లని త్రాళ్లవలె గనబడు రెండు పదార్థములలో నొకటి కండరమును ఎముకతో గట్టునదనియు, మరియొకటి మెదడును దేహముతో గట్టునదనియు తెలిసికొనుటకు మానవజాతికి కొన్ని వందల యేండ్లు పట్టినవి.

ఆ తెలిసికొన్న చరిత్రను సంగ్రహముగ జెప్పుట యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఇది వైద్యులకు మాత్రమే పనికివచ్చు విషయమని చదువరులు తలపకుందురు గాక. మూర్ఛవచ్చి నేలబడిన కోడలిని వైద్యునియొద్దకు గొనిపోవలెనా, భూతవైద్యునియొద్దకు గొనిపోవలెనా యను ప్రశ్నకు సమాధానము ఈ చరిత్రలోనే యున్నది.

మొదటి వివాదము హృదయమునకును శిరస్సునకును నడుమ బుట్టినది. ప్రాచీనులగు ఐగుప్తు దేశస్థులు శవములను భద్రపరచునపుడు గుండెను శరీరమునందే నిలిపి, మెదడును ముక్కుగుండ దీసి పారవైచుచుండిరి. అయినను ఆ దేశముననే క్రీస్తునకు పూర్వము ఇంచుమించు 1600 సంవత్సరముల నాటి వైద్యపత్రమొకటి దొరకినది. అందు గాయపడిన 48 మంది రోగుల వృత్తాంతములు గలవు. తల పగిలినవానికి కాలు స్వాధీనము తప్పుట నందు వ్రాసినవాడు చూచెను; చూచినది చూచినట్లు వ్రాసెను. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దమున క్రొటోను పట్టణపు అల్క్‌మెయోను అను గ్రీకుపండితుడు జ్ఞానమునకు స్థానము మెదడని చెప్పెను. కాని పిమ్మట వచ్చిన అరిస్టాటిలు అంతటివాడు, జ్ఞానస్థానము గుండెయే యనియు, మెదడు శరీరపు వేడిని చల్లార్చుటకై యున్నదనియు బోధించెను. మన దేశమున చరకసుశ్రుతులును చేతనకు హృదయమునే స్థానముగ జెప్పిరి. భేలసంహిత మాత్రము మనస్సు శిరస్సునకును తాలువునకును నడుమ నున్నదని చెప్పినది. ఆ సంహితయొక్క వ్రాతప్రతి తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమున తెలుగు లిపిలో నిలిచియుండుట మనకు సంతోషకరమైన విషయము.

వాదములచే దీరని యీ తగవును తీర్చినది కత్తి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున హిరోఫిలసు, ఎరసిస్ట్రాటసు అను నిద్దరు వైద్యులు మానవకళేబరములను కోసి పరీక్షించిరి. నరములు మెదడునుండియు వెన్నుపామునుండియు బయలుదేరుననియు, వానిలో కొన్ని స్పర్శాది జ్ఞానమునకును కొన్ని చలనమునకును సాధనములనియు వారు గ్రహించిరి. వారి తరువాత ఆ దేశములందు శవచ్ఛేదనము పెక్కు శతాబ్దములు నిలిచిపోయెను.

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున రోమునగరమున గాలెను అను వైద్యుడు బహిరంగముగ నొక పరీక్ష చేసెను. అరచుచున్న పందియొక్క కంఠమునందలి సన్నని నరములను బంధించగా, ఆ జంతువు గింజుకొనుచునే యున్నను దాని నోట నరపు వెలువడదయ్యెను. కంఠధ్వని గుండెనుండి వచ్చునని నమ్మువారి కన్నులయెదుటనే, అది మెదడునుండి వచ్చు నరముల యధీనమని యతడు చూపెను. అయితే గాలెను కోసినవి కోతులు, పందులు, పశువులు మాత్రమే. పశువుల మెదడుక్రింద వలవలె నల్లుకొనియుండు రక్తనాళములగుంపొకటి గలదు. మనుష్యునకును నదియుండునని యతడు వ్రాసెను. ఆ మాట సుమారు పదమూడు వందల యేండ్లు వేదవాక్యమై చెల్లెను. అధ్యాపకుడు పీఠముమీద గూర్చుండి గాలెను గ్రంథమును జదువుచుండగా, క్రింద మరియొకడు శవమును గోయుచుండెడివాడు. శవమునందు ఆ వల కనబడకపోయినను శిష్యులు గ్రంథమును నమ్మిరిగాని కన్నులను నమ్మలేదు. 1543 సంవత్సరమున ఆండ్రియాసు వెసేలియసు తన మహాగ్రంథమును బ్రకటించి, స్వహస్తముతో గోసి చూచిన మీదట మానవునియందు అట్టి వల లేదని స్పష్టముగ వ్రాసెను. మొదట తానును గాలెనునే నమ్మి బోధించినవాడే. ఆ తప్పును దాచుకొనక యొప్పుకొనెను. ఆప్తవాక్యమునకును ప్రత్యక్షమునకును విరోధము వచ్చినపుడు దేనిని గ్రహింపవలెనను ప్రశ్నకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

మన పూర్వులు ఈ విషయమున వెనుకబడినవారని యెవరును తలపరాదు. శల్యవైద్యము నేర్వగోరువాడు శవమును పరీక్షించియే శరీరజ్ఞానము సంపాదింపవలెనని సుశ్రుతుడు విధించెను. కళేబరమును గడ్డితో జుట్టి, పంజరమునందుంచి, పారునీటిలో ఏడురాత్రులు నాననిచ్చి, పిమ్మట కుంచెలతో మెల్లగ రాచుచు పొరపొరగ జూడుమని యతడు విధానమును సహితము చెప్పెను. అట్టి గ్రంథము మనయొద్దనుండగనే శవస్పర్శ మైలయను భావము ప్రబలి విద్య క్షీణించినది. గ్రంథము మిగిలినది, చేతిపని నశించినది. 1836లో కలకత్తా వైద్యకళాశాలయందు పండిత మధుసూదనగుప్త శవచ్ఛేదనము చేసినపుడు అది యొక సాహసకార్యముగ నెంచబడెను. తాను చదివిన సంస్కృతవైద్యగ్రంథములే ఆదేశించిన పని యాతడు చేసెను. అయినను దేశమునకది క్రొత్తగ గనబడెను. ఆచారము శాస్త్రమును మరపించుట యనగా నిదియే.

ఐరోపాలో వెసేలియసు పిమ్మట పరిశోధన వేగముగ సాగెను. 1664లో ఇంగ్లీషు వైద్యుడు థామసు విల్లిసు మెదడును గూర్చిన గ్రంథమును వెలువరించెను. దానికి జిత్రములు వ్రాసినవారిలో లండనులోని సెయింటుపాల్సు దేవాలయమును గట్టిన క్రిస్టఫరు రెన్ను ఒకడు. 1791లో ఇటలీదేశపు గాల్వానీ కప్పకాలియందలి నరమునకు విద్యుత్తు తగిలినపుడు కండరము ముడుచుకొనుటను బ్రకటించెను. నరములగుండ నేదో సూక్ష్మమైన ఆవిరి ప్రవహించునను పాతనమ్మకము దీనితో సడలెను. 1850లో హెల్మ్‌హోల్ట్సు నరమునందు వార్తపోవు వేగమును గొలిచెను. అది కొలుచుటకు సాధ్యము గాదని యతని గురువే భావించియుండెను. కప్పనరమున నది సెకనునకు ఇంచుమించు 27 మీటర్లని తేలినది. మనస్సుయొక్క యాజ్ఞ తత్క్షణమే చేరదు. దానికిని ప్రయాణకాలము గలదు.

వెన్నుపామునుండి వెడలు ప్రతి నరమునకును రెండు మూలములుండును. వీని భేదమును తెలిసికొనుటలో 1811లో చార్లెసు బెల్లును, 1822లో ఫ్రాన్సుదేశపు మెజాండీయు కృషిచేసిరి. కుక్కపిల్లలయందు వెనుకటి మూలమును ఖండించినపుడు స్పర్శ నశించెననియు, ముందరి మూలమును ఖండించినపుడు చలనము నశించెననియు మెజాండీ చూపెను. మత్తుమందులు లేని యాకాలమున చేయబడిన యీ పరీక్షలయందలి క్రౌర్యమును అనేకులు గర్హించిరి, గర్హింపదగినదే. జ్ఞానము వచ్చినదని, వచ్చిన దారిలోని బాధను మరచుట ధర్మము గాదు.

ఇక నరమును మెదడును దేనితో నిర్మింపబడినవి? ఈ ప్రశ్నకు సమాధానము ఒక వంటగదిలో బుట్టినది. మిలాను నగరమునకు సమీపమున దీర్ఘరోగుల యాసుపత్రిలో బనిచేయుచు, అందలి పాతవంటగదినే పరిశోధనశాలగ మార్చుకొని, కమిల్లో గోల్జీ 1873లో మెదడుముక్కలకు వెండిలవణముతో రంగువేయు పద్ధతిని గనిపెట్టెను. ఈ పద్ధతియందలి విచిత్రమేమనగా, లెక్కకు మిక్కిలియైన కణములలో గొన్ని మాత్రమే నల్లబడి, తమ శాఖోపశాఖలతో పచ్చని కాగితముమీద సిరాతో గీచిన చెట్లవలె గనబడును. అన్నియు నల్లబడినచో నేమియు గనబడకుండెడిది. స్పెయినుదేశస్థుడగు కహాలు 1887లో ఈ పద్ధతిని జూచి, దానిని మెరుగుపరచి, 1888నుండి తన ఫలితములను బ్రకటించెను. మెదడంతయు నొకే యల్లికయని గోల్జీ మతము. కాదు, ప్రతికణమును వేరువేరు వ్యక్తియనియు, ఒకదాని కొనయు మరియొకదానిని దగ్గరగ జేరునుగాని కలిసిపోదనియు కహాలు మతము. 1906లో నోబెలు బహుమానము నిద్దరకును పంచియిచ్చిరి. ఆ సభయందు సహితము గోల్జీ కహాలు సిద్ధాంతమును ఖండించుచునే యుపన్యసించెను. తన చేతి పనిముట్టే తన మతమును గూల్చుట నాతడు సహింపలేకపోయెను. కణమునకును కణమునకును నడుమనున్న సంధికి షెరింగ్టను 1897లో సినాప్సు అని పేరు పెట్టెను. ఆ సంధిని వార్త యెట్లు దాటునో 1921లో ఆటో లోవీ రెండు కప్పగుండెలతో జూపెను. ఒకదాని నరమును ప్రేరేపింపగా నది నెమ్మదించెను. దానిలోని ద్రవమును రెండవదానిలో బోయగా నదియు నెమ్మదించెను. అనగా వార్తను దాటించినది రసాయనద్రవ్యము. ఆ సంధియందలి సందును 1950 తరువాతి దశాబ్దమున ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కన్నులకు గట్టినట్లు చూపి, కహాలు పక్షమును స్థిరపరచెను.

ఈ పరిశోధనలవలన దేలిన నిర్మాణము సంగ్రహముగ నిట్టిది. పుఱ్ఱెయందలి మెదడును, వెన్నెముకయందలి వెన్నుపామును కలిసి కేంద్రమండలమగును. మెదడు బరువు ఇంచుమించు 1.4 కిలోగ్రాములు, వెన్నుపాము పొడవు ఇంచుమించు 45 సెంటీమీటర్లు. పెద్దమెదడు ఆలోచనకు, జ్ఞాపకమునకు, వాక్కునకు, బుద్ధిపూర్వకచేష్టలకు స్థానము. దాని యెడమసగము కుడిదేహమును, కుడిసగము ఎడమదేహమును నడపును. చిన్నమెదడు నడకను, చేతిపనిని తప్పటడుగులేకుండ దిద్దును. క్రిందనుండు మెదడుకాండము ఊపిరిని, గుండెకొట్టుకొనుటను గనిపెట్టుచుండును. మెదడునుండి 12 జతలును, వెన్నుపామునుండి 31 జతలును నరములు బయలుదేరి దేహమంతట వ్యాపించును. వీనిలో గొన్ని మన ఇచ్ఛకు లోబడును. జీర్ణాశయము, గుండె మొదలగువానిని నడపునవి మన యనుమతికై కాచుకొనియుండవు. వేడిపెనము తగిలిన యిల్లాలు బాధను తెలిసికొనకముందే చేయి వెనుకకు దీసికొనును. ఆ తీర్పు మెదడుదాక పోక వెన్నుపామునందే ముగియును. మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవని 2009లో ప్రకటింపబడిన లెక్కవలన దెలియుచున్నది. వానిలో నయిదింట నాలుగుపాళ్లు చిన్నమెదడునందే యున్నవి.

ఇప్పుడు మొదట జెప్పిన ప్రశ్నకు వత్తము. అపస్మారము దైవావేశమని గ్రీకులు నమ్ముకాలముననే, హిపోక్రటీసు పేర వెలసిన యొక గ్రంథము, ఇది తక్కిన రోగములకంటె పవిత్రమైనది గాదనియు, దీనికి గారణము మెదడనియు జెప్పెను. మన చరకుడును అపస్మారమును వాతపిత్తకఫములచే గలుగు రోగములలో జేర్చి, నిదానమును చికిత్సను చెప్పెను. పందొమ్మిదవ శతాబ్దమున హ్యూలింగ్సు జాక్సను, నాడీకణములు ఒక్కసారిగ మితిమీరి తమ శక్తిని వెలిగ్రక్కుటయే మూర్ఛయని వివరించెను. 1929లో హాన్సు బర్గరు తలమీదనుండియే మెదడు విద్యుత్తరంగములను కాగితమున కెక్కించు విధమును బ్రకటించెను. 1912లో ఫినోబార్బిటాలును, 1938లో ఫెనిటాయినును ఈ రోగమునకు మందులుగ వచ్చినవి. సరియైన చికిత్స దొరకినచో నూటికి డెబ్బదిమంది మూర్ఛలులేకుండ జీవింపగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

ఇంత తెలిసిన పిమ్మటను మన పల్లెలలో, పట్టణములలో సహితము, మూర్ఛవచ్చిన బాలికచేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుచున్నారు, వేపమండలతో గొట్టించుచున్నారు, తాయెత్తు గట్టి సంబంధము చూచుచున్నారు, పెండ్లియైన పిమ్మట తెలిసినచో పుట్టింటికి బంపుచున్నారు. చట్టము సహితము కొంతకాలము ఈ భయమునకు లోబడినది. 1976 నాటి సవరణచే హిందూవివాహచట్టమున మాటిమాటికి వచ్చు మూర్ఛ వివాహమునకు ప్రతిబంధకముగ జేర్పబడెను. 1999లో దానిని తొలగించిరి. చట్టము దిద్దుకొన్న తప్పును ఇల్లు ఇంకను దిద్దుకొనలేదు.

మూర్ఛ వచ్చినపుడు చేయదగినది స్వల్పము. చుట్టునున్న గట్టివస్తువులను తీసివేయవలెను. మెడయొద్ద బట్టను వదులుచేయవలెను. తలక్రింద మెత్తనిది పెట్టి మనిషిని ప్రక్కకు ద్రిప్పవలెను. నోట నేమియు బెట్టరాదు. కాలుసేతులను బలవంతముగ నదిమిపట్టరాదు. అయిదు నిమిషములు దాటినను, తెలివిరాక మరల వచ్చినను, వెంటనే వైద్యాలయమునకు గొనిపోవలెను. తెలివి వచ్చువరకు ప్రక్కన గూర్చుండి, వచ్చిన పిమ్మట మెల్లగ బలుకరింపవలెను. ఇనుపముక్క వెదకుటకంటె ఇది సులభము.

గాలెను గ్రంథమునందలి వలను పదమూడు శతాబ్దములు నమ్మినవారు మూర్ఖులు గారు, చూచుటకు సందేహించినవారు. కన్నులయెదుట శవముండగా గ్రంథమును నమ్మిరి. మన కన్నులయెదుట నున్నది శవము గాదు, బ్రదికి బాధపడుచున్న బిడ్డ. ఆ బిడ్డ తలలో దయ్యము లేదు, మితిమీరి శక్తిని వెలిగ్రక్కు నాడీకణములున్నవి. ఈ యొక్కమాటను ఇంటిలోని పెద్దలకు జదివి వినిపించు చదువరి, వెసేలియసు చేసినపనిలో దన పాలు దాను చేసినవాడగును.