అమ్మ గీసిన స్వస్తికం

శనివారం పొద్దున్న ఏడు దాటింది. హ్యూస్టన్‌కి దక్షిణాన, పేర్‌లాండ్‌లో మా ఇంటి గరాజ్ తలుపు గరగరమంటూ పైకి లేస్తోంది. సెప్టెంబరు చివరి రోజులు. ఎండ ఇంకా వీధి చివరి ఓక్ చెట్లను దాటలేదు, అయినా చొక్కా అప్పుడే వీపుకి అంటుకుంటోంది. ఎదురుగా నా నల్ల కామ్రీ, 2014 మోడల్. రేపు శ్రీ మీనాక్షి ఆలయంలో దానికి దసరా వాహన పూజ.

ముందు దాని మూతి దగ్గరికి రండి. బంపర్ నిండా, నంబరు ప్లేటు చుట్టూ నల్లగా ఎండి అతుక్కున్నవన్నీ లవ్‌బగ్‌లు. ఈ గల్ఫ్ తీరంలో మే నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఇంకొకసారి జంటలు జంటలుగా అతుక్కుని హైవేల మీద తేలుతుంటాయి. కారుకి కొట్టుకుని చితికిన పురుగుని ఒకటి రెండు రోజులు ఎండకి వదిలేస్తే, అది కుళ్ళి పుల్లబడి పెయింటుని తినేస్తుంది. గోకకూడదు. తడి టవలు పరిచి పది నిమిషాలు నానబెడితే చాలు, నానిన చింతపండులా అవే వదులుతాయి.

నాన్న చేతిలో కాఫీ గ్లాసుతో గడప దగ్గర కుర్చీ వేసుకున్నారు. వచ్చి రెండు నెలలైంది.

"రెండు బకెట్లేటిరా? నీళ్ళు కరువా?"

ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు. తుడిచిన గ్లోవ్‌ని ముందు మంచినీళ్ళలో జాడించి, ఆ తరవాతే మళ్ళీ సబ్బులో ముంచాలి. లేకపోతే కారు మీద నుంచి తీసిన ఇసుకతోనే కారుని తోముతాం. నల్ల కారు మీద కనబడే సన్నగీతల్లో ఎక్కువ భాగం ఇలా కడిగేటప్పుడు పడ్డవే. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. కొన్న కొత్తలో రెండేళ్ళు, దారిలో ఉన్న బ్రష్షుల టన్నెల్ కార్‌వాష్‌కి వారం వారం తీసుకెళ్ళాను. శుభ్రంగా ఉంచుకుంటున్నానని సంతోషపడ్డాను కూడా.

పైకప్పు నుంచి కిందికి కడగడం, ఆరబెట్టడం అయింది. ఇప్పుడు చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని డోరు మీద మెల్లగా నిమిరి చూడండి. కంటికి నున్నగా ఉంది, వేళ్ళకి మాత్రం గరుకు తగులుతోంది కదా? బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను, చెట్ల జిగురు పెయింటులో దిగిపోయి ఉంటాయి. సబ్బుకి అవి లొంగవు. క్లే బార్ కావాలి. జపాన్‌లో పుట్టి, 1990ల్లో అమెరికాకి వచ్చిన బంకమట్టి లాంటి ముద్ద అది. జారుడు నీళ్ళు చల్లి, దాన్ని అటూ ఇటూ జరిపితే మొదట కరకరమంటుంది. కాసేపటికి చప్పుడాగి జర్రున జారుతుంది. చప్పుడు పోయిందంటే ఆ చోటు శుభ్రపడినట్టు. ముద్ద కింద పడితే మాత్రం తుడిచి వాడొద్దు, పారేయండి. అందులో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చాలు.

గరాజ్‌లో దీపాలు ఆర్పి ఎల్‌ఈడీ టార్చి బానెట్ మీదికి తిప్పుతాను. దీపం చుట్టూ సాలెగూడులా వేల గీతలు లేచాయి. వాటి మధ్య, మసకగా, వంకరగా ఒక స్వస్తికం.

కిందటి దసరాకి అమ్మ ఇక్కడే ఉంది. పూజ నాడు తడిపిన కుంకుమ వేలితో తీసి ఆవిడే గీసింది. దేవుడి గుర్తు కదా అని కడగలేదు. టెక్సస్ ఎండలో వారం రోజులు అలాగే తిరిగాను. పైన ఎరుపు పోయింది గానీ, పెయింటులో గుర్తు మిగిలింది. ఈ ఏడాది అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, యలమంచిలిలోనే చెల్లెలి దగ్గర ఆగిపోయింది.

నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి వంగి చూశారు. "మీ అమ్మది కదరా. చెరిపేస్తావా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పెయింటు మొత్తం మందం కొలిచే మీటరు తీసి పైకప్పు మీద ఆనించాను: 118 మైక్రాన్లు. డోర్లు 115 దరిదాపుల్లో. బానెట్ మధ్యలో ఐదు చోట్ల కొలిచి సగటు తీస్తే 96. నాకంటే ముందు ఎవరో ఇక్కడ గట్టిగా మిషను ఆడించారన్నమాట.

ఆ అంకె అర్థం కావాలంటే పాలిష్ చేసే పని తెలియాలి. కారు రంగు మీద క్లియర్ కోట్ అనే రంగులేని పొర ఒకటి ఉంటుంది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటే పల్చన. గీత అంటే ఆ పొరలో పడ్డ సన్నటి గుంట. పాలిష్ గుంటని పూడ్చదు, చుట్టూ ఉన్న గట్టుని అరగదీసి గుంట అడుగుతో సమం చేస్తుంది. ఎండ నుంచి రంగుని కాపాడేది ఆ పొరే. తీసింది తిరిగి రాదు. "గీత ఒక్కటి కూడా లేకుండా చేసిస్తాం" అని ఎవరైనా అంటే, ముందు మీటరు పెట్టి చూపించమని అడగండి.

నురుగు ప్యాడ్ మీద శనగగింజంత పాలిష్ చుక్కలు నాలుగు. మిషను ఆన్ చేయకముందే బానెట్ మీద పులిమి, తక్కువ వేగంలో పరిచి, ఆ తరవాత వేగం పెంచుతాను. ఇది డ్యూయల్ యాక్షన్ పాలిషర్. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కలకీ ఊగుతుంది కాబట్టి ఒకే చోట వేడెక్కి పెయింటు కాలే ప్రమాదం తక్కువ. ఒకసారికి రెండడుగుల చదరం. సెకనుకి అంగుళం చొప్పున, ముందు నిలువుగా, తరవాత అడ్డంగా, ప్రతి వరసా ముందు వరసని సగం కప్పుతూ. మోచేతి దాకా సన్నని వణుకు. తెల్లటి పొర పల్చబడి నూనె రాసినట్టు అవుతుంది. ఆపి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను.

సాలెగూడు పోయింది. నలుపు లోతుగా, బావిలోకి తొంగి చూసినట్టుంది. నాన్న ముఖం, ఆయన వెనక ఓక్ కొమ్మలు అందులో కదులుతున్నాయి. టార్చి బాగా ఏటవాలుగా పెడితే స్వస్తికం ఇంకా లీలగా ఉంది.

గట్టి ప్యాడ్ వేసి ఇంకో రెండు సార్లు పోనిస్తే చెరిగిపోతుంది. మీటరు మళ్ళీ ఆనించాను: 94. మిషను ప్లగ్ తీసేశాను.

"మావూళ్ళ పక్క ఏటికొప్పాకలో ఇంతేరా," అన్నారు నాన్న, బానెట్ మీద చెయ్యి ఆనించబోయి వెనక్కి తీసుకుంటూ. "తిరిగే అంకుడు కర్రకి లక్క అద్దుతారు. ఆ వేడికే కరిగి అంటుకుంటాది. తరవాత మొగలాకుతో నొక్కి రుద్దితే మెరుపొస్తాది. ఎక్కువ రుద్దితే లక్కే లేచిపోద్ది."

చెక్కకీ కారుకీ చుట్టరికం నిజంగానే ఉంది. ఇక్కడ ప్రతి ఆటో దుకాణంలో కనబడే మెగ్వయర్స్ డబ్బాల కథ 1901లో ఇండియానాలో, ఫ్రాంక్ మెగ్వయర్ ఫర్నిచర్ పాలిష్ తయారీతో మొదలైంది. అప్పటి కార్ల ఒళ్ళు చాలావరకు చెక్కే.

ఆకు కూడా ఉంది. వ్యాక్స్ డబ్బా మూత తీసి నాన్న చేతిలో పెట్టాను. కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు, ఆ ఎండలో నీరు ఆవిరైపోకుండా తన ఆకుకి తానే పూసుకునే మైనం. ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి రాలుస్తారు. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. జాన్సన్ వ్యాక్స్ కంపెనీ అధిపతి హెచ్. ఎఫ్. జాన్సన్ 1935లో విస్కాన్సిన్‌లోని రసీన్ నుంచి నీటి మీద కూడా దిగగలిగే విమానంలో బ్రెజిల్ దాకా ఎగిరింది ఈ చెట్ల కోసమే. నాన్న వేలితో కొంచెం తీసి వాసన చూసి తలూపారు.

వ్యాక్స్ ఎంత పల్చగా రాస్తే అంత మంచిది. మందంగా పూస్తే తుడవడానికి చేతులు పడిపోవడమే తప్ప లాభం లేదు. పొగమంచులా మసకబారేదాకా ఆగి, వేలితో గీసి చూడాలి. గీసినచోట తేటగా మెరిస్తే తుడవొచ్చు. ఈ ఊరి ఎండకి రెండు నెలలు నిలిస్తే గొప్ప. సిరామిక్ కోటింగు ఏళ్ళ తరబడి ఉంటుంది, నిజమే. నాకు మాత్రం రెండు నెలలకోసారి కారు ఒంటి మీద చెయ్యి వేసి చూసుకోవడమే ఇష్టం.

పదకొండింటికి, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అమ్మకి వీడియోలో చూపించాను. "కొత్తది వేయించుకో నాన్నా, దానికేటి?" అంది. కళ్ళజోడు సవరించుకుని ఆ గుర్తు కోసం వెతుకుతూనే ఉంది.

ఆదివారం ఆలయం పార్కింగులో కార్ల వరస. పూజారి గారు బానెట్ మీద గంధం, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. నాన్న కొబ్బరికాయ కొట్టారు. సాయంత్రం ఇంటికొచ్చాక, పొడిగుడ్డ తగలనివ్వకుండా ముందు నీళ్ళు ధారగా పోశాను. నీళ్ళు ముత్యాలుగా చెదిరి, కుంకుమని వెంటబెట్టుకుని జారిపోయాయి. కొత్త మరక పడలేదు. పాతది అలాగే ఉంది.