పాత బుల్లెట్ ఇంజను: అరుగుదల ఆచూకీ

మద్దిలపాలెం కూడలి దగ్గర ఒక మెకానిక్కు షెడ్డుకు 1960 ప్రాంతపు ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ వచ్చినదనుకొందాం. సైలెన్సరు నుండి నీలిపొగ వస్తున్నది. కిక్కు కొట్టితే కాలికి ఎదురు తగలడం లేదు. యజమాని అడిగేది ఒకటే: “బండి బోరుకు వచ్చిందా?” దీనికి తొందరపడి జవాబు చెప్పరాదు. బోరు చేయడమంటే సిలిండరు లోపలి గోడను చెక్కి, వెడల్పు చేసి, పెద్ద పిస్టను వేయడం. చెక్కిన ఇనుమును తిరిగి అతికించలేము గదా! పెద్ద పిస్టన్లు కూడా కొన్ని కొలతల వరకే ఉంటాయి. తప్పు నిర్ణయం ఒక్కొక్కటీ ఆ పాత సిలిండరు ఆయుర్దాయాన్ని కొంత తగ్గిస్తుంది.

ఈ బండి పుట్టినది ఇంగ్లండులోని రెడిచ్‌లో. బుల్లెట్ అనే పేరు 1930ల తొలినాళ్లలో వచ్చినది. 1955లో మద్రాస్ మోటార్స్, రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మద్రాసు పక్కనున్న తిరువొత్తియూరులో కర్మాగారం వెలసినది. రెడిచ్‌లో తయారీ ఆగిపోయిన తరువాత కూడా ఆ ఇనుప సిలిండరు ఇంజను మన తూర్పు తీరాన దశాబ్దాల తరబడి తయారైనది.

దాని సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు. పిస్టను నడక 90. ఒక చుట్టుకు పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి, మొత్తం 180 మిల్లీమీటర్లు కదులుతుంది. నిమిషానికి 3000 చుట్ల చొప్పున గంటసేపు తిరిగితే 32 కిలోమీటర్లకు పైగా గోడను రాసుకొంటూ నడిచినట్లు లెక్క. ఇంత రాపిడికీ ఆ గోడ ఏళ్ల తరబడి ఎట్లా నిలుస్తున్నది?

దీనికి సమాధానం రైలు ఇరుసుల వద్ద దొరికినది. 1883లో బీచం టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఇరుసు బేరింగులను పరీక్షిస్తుండగా, నూనె పోయడానికి పైన వేసిన రంధ్రం నుండి నూనె తిరిగి ఉబికి వచ్చినది. కొయ్య బిరడా బిగిస్తే దానినీ నెట్టివేసినది. తిరిగే ఇరుసు నూనెను ఇరుకు సందులోకి లాగుకొనిపోతుందనీ, అక్కడ పుట్టే ఒత్తిడే బరువును మోస్తుందనీ 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ గణితంతో నిరూపించాడు. నూనె పొర తెగనంతవరకు లోహం లోహాన్ని తాకదు. అయితే పొర నిలవడానికి కదలిక కావాలి. పిస్టను పైకొసన క్షణకాలం ఆగుతుంది. మంటల వేడి, ఒత్తిడి హెచ్చుగా ఉండేది కూడా అక్కడే. అందుచేత సిలిండరు పైభాగాన, పై రింగు తిరిగే చోట ఎక్కువగానూ, అడుగున అతి తక్కువగానూ అరుగుతుంది.

రాపిడి ఒక్కటే దోషి కాదని 1930లలో బ్రిటనులో సి.జి. విలియమ్స్ చేసిన పరిశోధనలు చూపాయి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజను వేడెక్కి ఉంటే అది ఆవిరిగా బయటికి పోతుంది. చల్లగా ఉంటే గోడ మీద చెమర్చి, మంటలో పుట్టిన ఆమ్లాలను కలుపుకొని ఇనుమును తింటుంది. విశాఖలో ఏది తుప్పు పట్టినా సముద్రపు గాలిని తిట్టడం అలవాటు. సిలిండరులోని ఈ నీరు మాత్రం పెట్రోలుది. మద్దిలపాలెం నుండి విశ్వవిద్యాలయం గేటు దాకా పోయి ఆగే బండి కంటే, విజయనగరం పోయివచ్చే బండి కిలోమీటరు లెక్కన తక్కువ అరుగుతుంది.

ఇక షెడ్డులోని బండి సంగతి. ముందుగా ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఆయిలు పోసి, ప్లగ్గు మళ్లీ బిగించి కిక్కు కొట్టాలి. ఎదురు పెరిగితే గాలి రింగుల పక్క నుండి పోతున్నదన్నమాట. ఆయిలు ఆ సందును తాత్కాలికంగా మూసినది. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. పొగ కూడా సాక్ష్యం చెబుతుంది. కైలాసగిరి దిగివచ్చి యాక్సిలరేటరు తిప్పగానే గుప్పున వచ్చే నీలిపొగ వాల్వు గైడ్లది. బరువు లాగుతున్నంతసేపూ వచ్చేది సాధారణంగా రింగులది.

హెడ్డు విప్పిన తరువాత ఒక చక్కని ఉపాయమున్నది. రింగును సిలిండరు అడుగున వంకర లేకుండా నిలిపి, దాని కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలవాలి. 0.40 మిల్లీమీటర్లు వచ్చినదనుకొందాం. అదే రింగుకు పైన 1.03 వస్తే తేడా 0.63. వ్యాసం పెరిగితే చుట్టుకొలత 3.14 రెట్లు పెరుగుతుంది కనుక, అరుగుదల 0.20 మిల్లీమీటర్లు. ఎనిమిదో తరగతి గణితం సూక్ష్మదర్శినిలా పనిచేసినది! అయితే సిలిండరు కోడిగుడ్డు ఆకారానికి తిరిగినదా అన్నది రింగు చెప్పలేదు. అందుకు డయల్ గేజితో రెండు దిక్కులా కొలవవలసినదే.

శబ్దాలకు వేరే విద్య ఉన్నది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితం గొట్టంతో రోగి గుండె విన్నాడు. మెకానిక్కు స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి ఇంజను వింటాడు. చల్లగా ఉన్నప్పుడు వినిపించి, వేడెక్కాక తగ్గే చప్పుడు పిస్టనుది. బరువు పడినప్పుడు అడుగు నుండి వచ్చే బొంగురు దెబ్బ కనెక్టింగు రాడ్డు పెద్ద బేరింగుది. సిలిండరు తీసి ఆ రాడ్డును పట్టుకొని చూడాలి: పక్కకు కాస్త కదలడం సహజం, పైకీ కిందికీ కదిలితే బేరింగు అరిగినట్లే. అప్పుడు టైమింగు కవరులో, క్రాంకు కొసకు ఆయిలు అందించేచోట ఉండే చిన్న బెండు వాషరును వెదకాలి. అది గట్టిపడి కుంచించుకొనిపోతే ఆయిలు బేరింగుకు చేరక పక్కకు కారిపోతుంది. సిలిండరు బోరు చేయించి, ఈ బెండును చూడకుండా ఇంజను మూస్తే, కొత్త పిస్టను కింద పాత దెబ్బ అట్లాగే వినవస్తుంది.