నడుము సూదితో నొప్పులు ఆగిపోతాయా?

శ్రీకూర్మం, గార, కళింగపట్నం పల్లెల నుంచి కాన్పుకి శ్రీకాకుళం వెళ్ళే కుటుంబాల్లో ‘నొప్పి లేని కాన్పు’ అన్న మాట చేరేలోపే ఒక భయం చేరుతుంది. నడుముకి సూది వేస్తే నొప్పులు ఆగిపోతాయట, ఆఖరికి పెద్దాపరేషనేనట. ఈ భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకూడదు. ఒకప్పుడు డాక్టర్లదీ ఇదే భయం.

1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే వైద్యుడు ప్రసవానికి ఈథర్, ఆపైన క్లోరోఫాం వాడాడు. 1853లో విక్టోరియా రాణి క్లోరోఫాంతో కన్నాక దానికి పరువొచ్చింది. అది ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాదులోనే, నిజాం ఖర్చుతో. ఆ నగరంలోనే రూపాబాయి ఫర్దూంజీ మత్తు డాక్టరుగా పనిచేసింది. ప్రపంచంలో ఆ వృత్తి చేపట్టిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. అయితే క్లోరోఫాం తల్లి రక్తంలో కలిసి బిడ్డనూ చేరుతుంది, మోతాదు పెరిగితే గర్భాశయాన్నే సడలిస్తుంది. ఒళ్ళంతా మత్తెక్కించకుండా నొప్పి మోసే నరాలనే మొద్దుబార్చాలన్న వెతుకులాట అక్కడి నుంచి సాగింది. 1921లో స్పెయిన్ సైనిక వైద్యుడు పాజెస్ నడుము దగ్గర ఎపిడ్యూరల్, అంటే ఈ నడుము సూది, ఇచ్చే పద్ధతిని ప్రకటించాడు. 1947లో హవానాలో కుర్బెలో అనే వైద్యుడు అక్కడ సన్నని గొట్టం ఉంచి, మందు విడతలుగా ఎక్కించవచ్చని చూపాడు.

చిక్కు మందు గాఢతలో ఉంది. నరాలను మొద్దుబార్చే బ్యుపివకైన్ చిక్కగా ఇస్తే నొప్పితోపాటు కాళ్ళూ, కటి కండరాలూ పట్టు తప్పుతాయి. బిడ్డ తల సరైన వైపు తిరగడానికి ఆ కండరాల ఆసరా కావాలి. తల్లికి ముక్కాలన్న తపన కూడా మందగిస్తుంది. 1993లో థార్ప్ బృందం 93 మంది తొలిచూలు స్త్రీలపై చేసిన పరీక్షలో ఎపిడ్యూరల్ తీసుకున్నవారిలో 25 శాతానికి, తీసుకోనివారిలో దాదాపు 2 శాతానికి సిజేరియన్ అయింది. అధ్యయనం చిన్నదే, కానీ భయం వేళ్ళూనుకోడానికి ఆ అంకె చాలు.

ఆ తర్వాత మందు పలచనైంది. నేడు 0.0625 నుంచి 0.1 శాతం బ్యుపివకైన్‌కి కాస్త ఫెంటానిల్ అనే నొప్పి మందు కలుపుతారు. 2001లో బ్రిటన్‌లో జరిగిన కామెట్ పరీక్షలో పలచని మందు తీసుకున్నవారికి బిడ్డను పరికరాలతో బయటికి తీయాల్సిన అవసరం తగ్గింది. 2005లో షికాగోలో వాంగ్ బృందం, గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకోకముందే మొదలుపెట్టినా సిజేరియన్లు పెరగలేదని చూపింది. 2018 కాక్రేన్ సమీక్ష అంతా లెక్కేసి చెప్పింది: కాన్పు మొదటి దశ సగటున అరగంట, రెండో దశ పావుగంట ఎక్కువ సాగుతాయి, సిజేరియన్లు మాత్రం పెరగవు. ఆలస్యం నిజమే, కానీ తల్లి పడే వేదనతో పోల్చి చూస్తే అది చిన్నది.

ఇక మన సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వీటికి కారణం నడుము సూది అనుకోవడం అన్యాయం, అది మన ప్రభుత్వాసుపత్రుల్లో దొరకడమే అరుదు. సూది వేశాక బీపీ పడిపోవచ్చు, బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ ఉండాలి. అందుకు రాత్రంతా మత్తు డాక్టరు, నర్సు కావాలి. అడిగిన ఆరోగ్యవంతురాలికి ఎపిడ్యూరల్ ఇవ్వవచ్చని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. శ్రీకూర్మం ఆడపడుచుకి అడిగే హక్కుంది, ఆమె అడిగినప్పుడు ఇచ్చే మనిషి ఆ పూట డ్యూటీలో ఉండాలి.