వీధిబడి నుంచి వాచకం దాకా: చెన్నపట్నంలో పిల్లల పాఠం

చిన్నపిల్లలకు పాఠం ఆసక్తి కలిగేలా ఎలా చెప్పాలన్న చర్చ ఇటీవలిదని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండు శతాబ్దాల కిందటే చెన్నపట్నంలో ఈ ప్రశ్న తలెత్తింది. ఆనాటి చర్చకు మన వీధిబడే ముఖ్యమైన ఆధారం. తెలుగుదేశానికి వెలుపల తెలుగు చదువుకుంటున్న మనకు ఈ చరిత్ర తెలియడం అవసరం.

నేటి జార్జిటౌన్‌ను 1906 దాకా బ్లాక్‌టౌన్ అనేవారు. కోట పక్కన పెరిగిన ఈ పట్నంలో తెలుగు వర్తకులు, దుబాసీలు, పండితులు తొలి నుంచీ ఉన్నారు. వారి పిల్లలకు చదువంటే అరుగుమీద బడి, ఇసుకలో అక్షరం, వల్లించిన పద్యం.

ఈ పద్ధతిలోని ఒక భాగాన్ని గుర్తించినవాడు ఆండ్రూ బెల్. 1789 నుంచి 1796 దాకా ఆయన ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా ఉన్నాడు. దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, తన ఆశ్రమంలోనూ అదే చేయించాడు. ఉపాధ్యాయులు అందుకు సుముఖంగా లేకపోవడంతో ఎనిమిదేళ్ళ బాలుడికే అక్షరాల తరగతి అప్పగించాడు. చదువు వచ్చిన పిల్లవాడు రానివాడికి చెప్పే ఈ పద్ధతిని వివరిస్తూ 1797లో లండన్‌లో పుస్తకం ప్రచురించాడు. అదే ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో ఇంగ్లండులో వ్యాపించింది. చేతికి పని, తోటివాడి సాయం అనే రెండు అంశాలూ ఇందులో ఉన్నాయి. పాఠానికి ఆకర్షణ తెచ్చేవి ఇవేనని నేటికీ చెబుతున్నాం.

అయితే మన బడిలో లోపం మరొకచోట ఉంది. దాన్ని పసిగట్టినవారిలో ఒక తెలుగువాడు ఉండడం గమనించదగిన విషయం. ఆయన వెన్నెలకంటి సుబ్బారావు (1784-1839). చెన్నపట్నం సదర్ అదాలతులో అనువాదకుడుగా పనిచేసిన ఈయన ఇంగ్లీషులో స్వీయచరిత్ర రాసుకున్నాడు. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యుడై, బడుల స్థితిగతులపై నివేదిక సమర్పించాడు. పిల్లలు చదువుతున్నారు గాని, చదివినదాని అర్థం వారికి తెలియడం లేదన్నది ఆయన ఆవేదన.

మూడేళ్ళకు ఇదే మాట మరొకరి నుంచి వచ్చింది. 1822లో గవర్నరు థామస్ మన్రో రాజధానిలోని దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. జిల్లాల లెక్కలు చేరాక 1826లో తేలిన బడుల సంఖ్య 12,498. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం అంకెలే. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఎ.డి. కాంప్‌బెల్ మాత్రం బళ్ళారి కలెక్టరుగా 1823లో బడి లోపలి బతుకును వర్ణించాడు. ఆ జిల్లాలో ఆయన లెక్కించిన 533 బడుల్లో 226 తెలుగు బడులు.

ఆ వర్ణన మన తాతముత్తాతల బడిని కళ్ళకు కడుతుంది. ఐదో ఏట బియ్యంలో అక్షరాలు దిద్దించి బాలుణ్ణి బడిలో వేస్తారు. తెల్లవారుజామున అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడి నుంచి వరసగా ఒకటి, రెండు, మూడు బెత్తం దెబ్బలు. చదవనివాణ్ణి చేతులు కట్టి దూలానికి వేలాడదీస్తారు. మనవాళ్ళు కోదండం వేయడమన్నది దీన్నే. గుంజీళ్ళు సరేసరి.

ఇంతకూ కాంప్‌బెల్ తప్పుపట్టింది దేన్ని? పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతినీ, తక్కువ ఖర్చుతో రాత నేర్పడాన్నీ ఆయన మెచ్చుకున్నాడు. లోపమల్లా పుస్తకాల్లోనూ గురువుల్లోనూ ఉందన్నాడు. బడిలో చదివే రామాయణ, భారత, భాగవతాల కావ్యభాష వేరు, జనం మాట్లాడే భాష వేరు. క్రియారూపాలే వేరు. అందువల్ల పిల్లవాడు వందల పద్యాలు అప్పజెప్పినా ఒక్కదానికీ అర్థం చెప్పలేడు. ఈ పరిశీలన భాషాశాస్త్ర విద్యార్థులకు ముఖ్యమైనది. పాఠం రుచించకపోవడానికి కారణం బాలుడి సోమరితనం కాదు. అతని భాషకూ పుస్తక భాషకూ మధ్య ఉన్న ఎడం.

ఆ ఎడాన్ని తగ్గించే ప్రయత్నాలు చెన్నపట్నంలోనే మొదలయ్యాయి. విచిత్రమేమిటంటే, కథలతో కూడిన వచన వాచకం ముందుగా అందింది మన పిల్లలకు కాదు, కోట కళాశాలలో తెలుగు నేర్చుకునే దొరలకు. అక్కడి పండితుడు రావిపాటి గురుమూర్తిశాస్త్రి రచించిన విక్రమార్కుని కథలు 1819లో అచ్చయ్యాయి. తర్వాత 1832 నాటికి క్లూలో దొర ప్రోత్సాహంతో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష కూర్చాడు. తెలిసిన చిన్నమాట నుంచి పెద్దమాటకు మెట్టుమెట్టుగా నడిపించడం ఈ పుస్తక సంప్రదాయంలోని సుగుణం. ఇది పెరిగి పెద్దబాలశిక్షగా ఇంటింటికీ చేరింది.

1842లో బ్లాక్‌టౌన్‌లోని బ్రాడ్వేలో పచ్చయప్ప పాఠశాల వెలసింది. అక్కడ కొంతకాలం తెలుగు చెప్పిన పరవస్తు చిన్నయసూరి, ఆ తర్వాత 1853లో నీతిచంద్రిక ప్రచురించాడు. మిత్రలాభం, మిత్రభేదం కథలు పిల్లలకు ప్రియమైనవే. కాని సూరిగారి భాష ప్రౌఢ గ్రాంథికం. ఆయన వచనం తెలుగుకు అలంకారం అనడంలో సందేహం లేదు. బాలుడి దృష్టితో చూస్తే మాత్రం కథ దగ్గరయింది, భాష మళ్ళీ దూరమయింది. నిఘంటువు లేనిదే కాకి, లేడి కూడా పలకవు. బడిలో చెప్పే తెలుగూ వీధిలో వినిపించే తెలుగూ ఇంత వేరుగా ఉండడమేమిటని 1906లో విశాఖ ప్రాంతానికి పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఎ. యేట్సు అడిగాడు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుల వ్యావహారిక భాషోద్యమం ఆ ప్రశ్న నుంచే ఊపందుకుంది. ఒక విధంగా అది సుబ్బారావు, కాంప్‌బెల్‌లు లేవనెత్తిన ప్రశ్నే.

ఈ కథ నేటి జార్జిటౌన్‌కు ఎందుకు పనికివస్తుంది? 2006 నాటి చట్టం వల్ల తమిళనాడు పాఠశాలల్లో ఒకటో తరగతితో ప్రారంభించి ఏటేటా పై తరగతులకు తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఈ రాష్ట్రపు బిడ్డలకు తమిళం అవసరమే; అందులో వివాదం లేదు. కాని చాలామంది పిల్లలకు తెలుగు చదవడం ఇప్పుడు ఇంట్లోనో సెలవునాటి తరగతిలోనో జరగాలి. అక్కడ పరీక్ష లేదు, మార్కులు లేవు, కోదండం అసలే లేదు. పాఠం నచ్చకపోతే పిల్లవాడు రెండోవారం రాడు. అక్షరం అక్కడితో ఆగిపోతుంది.

కాబట్టి అటువంటి తరగతులు నడపబోయే విద్యార్థులకు ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. ఆట, పాట, బొమ్మ తప్పక కావాలి. అయితే అర్థానికి అవి తోడు మాత్రమే. తంగసాల వీధి పిల్లవాడు ‘వస్తా ఉండా’ అంటే తప్పని ఆపకండి. అది దక్షిణాది తెలుగు. దాన్నే పలకమీద రాయించి, ‘వస్తున్నాను’ అన్న రూపాన్ని పక్కన చూపండి. అత్త, మామ, అంగడి, చింతపండు వంటి ఇంటిమాటలతో అక్షరాలు మొదలుపెట్టండి. కథ అయ్యాక అప్పజెప్పమనకండి. తన మాటల్లో తిరిగి చెప్పమనండి. అలా చెప్పగలిగితే పాఠం వాడిదయింది. ఆనాడు అరచేతిలో సరస్వతి పేరు రాయించుకున్నది ముందుగా వచ్చిన ఒక్కడే. అర్థమయ్యే పాఠం చెబితే ఆ గౌరవం తరగతిలో ప్రతి బిడ్డకూ దక్కుతుంది.