చాయ, తేనీరు: రెండు త్రోవలు

అపరాహ్ణమున నలంకృతమందిరములఁ గూడి తేనీరు సేవించుట 1840 ప్రాంతమున నింగ్లండు ప్రభుకుటుంబములలో నాచారమయ్యెనందురు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలందు నా వేడుక నేఁడు హోటళ్లలోఁ గానవచ్చుచున్నది. ఈ పానీయము వచ్చిన త్రోవను దాని పేళ్లే చెప్పును.

ఫూకియను ప్రాంతపు చీనాభాషలో దీని పేరు ‘తే’. డచ్చివా రోడలపైఁ గొనిపోఁగా నది యాంగ్లమున ‘టీ’ యయ్యెను. చీనాలోఁ బెక్కుచోట్ల వాడు ‘చా’ భూమార్గమునఁ బారసీకమును జేరి ‘చాయ్’ అయి, పిదప నుర్దూలోనికి వచ్చెను. 1948 వఱకు నీ మూఁడూళ్లును నిజాము రాజ్యములోనివి. అచట నుర్దూ రాజభాష. కోదాడకుఁ దూర్పున నెల్ల దాఁటినచో జగ్గయ్యపేట, మద్రాసు రాజధానిలోని కృష్ణామండలము; అచట నాంగ్లము రాజభాష. కావున నిటు ‘చాయ’, అటు ‘టీ’.

కొందఱు బడులలోఁ ‘దేనీరు’ను దేనెనుండి సాధింతురు. అది పొసఁగదు. తేనె + ఈఁగ యన్నచో నచ్చు పరమగుటచే నెకారము లోపించి తేనీఁగ యగును. నీరు హల్లుతో మొదలగుటచే లోపమునకుఁ దావులేదు; తేనెనీరే కావలెను. తే + ఆకు యడాగమమునఁ దేయాకు. ఆ యాకు నీరే తేనీరు. తీపి చక్కెరది, తేనెది కాదు.

కోదాడలో నొక్క బల్లచెంతనే రెండు మాటలును వినఁబడును. ఉపాధ్యాయులు వానిని జూపినచో బాలురకు సముద్రమార్గమును, భూమార్గమును, నిజాము రాజ్యపు టెల్లయుఁ దెలియును.