చేదు ఆహారాలు

చేదు మనిషి నాలుక గుర్తించే మౌలిక రుచుల్లో ఒకటి. కాకరకాయ, మెంతులు, వేపపువ్వు, కాఫీ, కోకో ఈ రుచి గల ఆహారాల్లో ముఖ్యమైనవి. పురుగుల నుంచి, పశువుల నుంచి తమను కాపాడుకోవడానికి మొక్కలు తయారుచేసుకునే ఆల్కలాయిడ్లు, గ్లైకోసైడ్లు, టెర్పీన్ల వంటి రసాయనాల్లో చాలావాటికి చేదు ఉంటుంది. అందుకే చేదు తగలగానే ఉమ్మేయడం పసిపిల్లలకు కూడా పుట్టుకతోనే వచ్చే లక్షణం. అయినా మనిషి కొన్ని చేదులను ఏరుకుని వంటకూ వైద్యానికీ వాడుకున్నాడు.

ప్రాచీన వైద్యంలో

ఆయుర్వేదం చెప్పే ఆరు రుచుల్లో చేదును తిక్త రసం అంటారు. వాయువు, ఆకాశం ఎక్కువగా ఉన్న రుచి ఇదని, కఫాన్నీ పిత్తాన్నీ తగ్గించి వాతాన్ని పెంచుతుందని శాస్త్రం చెబుతుంది. తాను రుచించకపోయినా అరుచిని పోగొట్టే గుణం చేదుకు ఉందని చరక సంహిత సూత్రస్థానం పేర్కొంటుంది. అతిగా తింటే ఒళ్లు ఎండి బలం తగ్గుతుందని కూడా అక్కడే హెచ్చరిస్తుంది. తిప్పతీగ, నేలవేము, వేప ఈ వర్గంలోని ప్రసిద్ధ మూలికలు.

మధ్యధరా ప్రాంతంలో జెన్షియన్ వేరును ఆకలి పుట్టించే మందుగా వాడేవారు. ఆ మొక్కకు క్రీ.పూ. 2వ శతాబ్దపు ఇల్లీరియా రాజు జెంటియస్ పేరు పెట్టారని ప్రాచీన రచయితలు రాశారు.

వంటల్లో

తెలుగువారి ఉగాది పచ్చడిలో చేదు వేపపువ్వు నుంచి వస్తుంది. ఎండబెట్టిన వేపపువ్వుతో చారు, పొడి చేసుకుంటారు. కాకరకాయ ముక్కలకు ఉప్పు పట్టించి, ఊరిన నీటిని పిండేసి వేపుడు చేస్తారు. చింతపండు, బెల్లం వేసి పులుసు పెడతారు. ఉప్పు, పులుపు, తీపి చేదును పూర్తిగా తీసేయవు, నాలుకకు తెలిసే తీవ్రతను మాత్రం తగ్గిస్తాయి. బెంగాలీలు భోజనాన్ని చేదుతో మొదలుపెడతారు. కాకరకాయతో వండే శుక్తో అందులో ప్రసిద్ధం. జపాన్‌లోని ఒకినావా దీవుల్లో కాకరకాయను టోఫు, గుడ్లతో కలిపి వేయిస్తారు.

యూరప్‌లో చేదు మూలికలను మద్యంలో ఊరబెట్టిన పానీయాలు భోజనానికి ముందు తాగే అలవాటుగా మారాయి. వెనిజులాలో జర్మన్ వైద్యుడు యోహాన్ సీగెర్ట్ 1824లో తయారుచేసిన అంగోస్తురా బిట్టర్స్ మొదట కడుపు మందే. సింకోనా బెరడు నుంచి పెలెటియే, కవాంతూ 1820లో పారిస్‌లో వేరుచేసిన క్వినైన్ మలేరియా మందుగానే కాక టానిక్ వాటర్‌గానూ చెలామణి అయింది.

పరిశోధనలు

1931లో అమెరికాలోని డుపాంట్ సంస్థ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ పీటీసీ అనే రసాయనంతో పనిచేస్తుండగా కొంత పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగికి అది చేదుగా తగిలింది, ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. పీటీసీ చేదును పసిగట్టే శక్తి వంశపారంపర్యమని ఆ తర్వాత తేలింది. ఈ తేడాకు ప్రధాన కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. కాబేజీ జాతి కూరలు కొందరికి మరీ చేదుగా తోచడానికి ఇదొక కారణం.

చేదు గ్రాహకాల కుటుంబం 2000లో బయటపడింది. మనిషిలో ఇవి దాదాపు 25 రకాలు. తీపిని గుర్తించే గ్రాహకాల కంటే వీటి సంఖ్య చాలా ఎక్కువ. విషాలు ఎన్నో రకాలు కావడమే ఇందుకు కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తర్వాతి ఏళ్లలో ఈ గ్రాహకాలు పేగుల్లోనూ ఊపిరితిత్తుల గొట్టాల్లోనూ కూడా కనిపించాయి.

జీర్ణక్రియపై ప్రభావం

రుచి, వాసన తగలగానే వేగస్ నాడి ద్వారా జఠర రసం ఊరడం మొదలవుతుందని ఇవాన్ పావ్లోవ్ నిరూపించారు. జీర్ణక్రియపై పరిశోధనలకు ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది. చేదు మందులు ఆకలి పుట్టిస్తాయన్న పాత నమ్మకానికి ఈ మార్గంలో కొంత వివరణ దొరికింది. కాఫీలోని కెఫీన్ జీర్ణాశయంలోని చేదు గ్రాహకాలను తాకి ఆమ్లాన్ని పెంచుతుందని, నోటిలో మాత్రమే తగిలితే ఆమ్లం ఊరడం ఆలస్యమవుతుందని 2017లో వియన్నా పరిశోధకులు చూపారు. పేగుల్లోని గ్రాహకాలకు చేదు తగిలితే కడుపు నిండిన భావన కలిగించే హార్మోన్లు వెలువడతాయి. అయితే మనుషుల్లో దీని ప్రభావం ఎంతన్నది అధ్యయనాన్ని బట్టి మారుతోంది.

మధుమేహం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మెంతుల పొడి రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని 1990లో ప్రచురించారు. ఇందులో పెద్ద పాత్ర మెంతుల్లోని జిగురు పీచుది. అది పిండిపదార్థాల శోషణను నెమ్మదింపజేస్తుంది. కాకరకాయ విషయంలో ఆధారాలు అంత గట్టిగా లేవు. దాన్ని మధుమేహానికి చికిత్సగా సూచించడానికి తగిన రుజువులు లేవని వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్షలో తేల్చింది. చక్కెర మందులు వాడేవారు కాకర రసం కూడా తాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశముంది. గర్భిణులు ఈ రసానికి దూరంగా ఉండాలని వైద్యులు సూచిస్తారు.

విషపు చేదు

సొర, దోస, బీర వంటి తీగ కూరల్లో కుకుర్బిటాసిన్లు పెరిగితే కాయ చేదెక్కుతుంది. ఇవి వండినా నశించవు. వాంతులు, రక్త విరేచనాలు కలిగిస్తాయి, రక్తపోటును పడగొడతాయి. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగిన ఒక శాస్త్రవేత్త మరణించారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది. చేదుగా ఉన్న సొర రసం తాగకూడదని సంఘం సూచించింది. చేదు రకం కర్రపెండలంలో, చేదు బాదంలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. వేపనూనె తాగించడం వల్ల పసిపిల్లలకు ఫిట్స్ వచ్చి ప్రాణాలు పోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

దోసకాయ, బీరకాయ తరిగేముందు చిన్న ముక్క కొరికి చేదు చూడడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. వైద్యపరంగా కూడా అది సరైన జాగ్రత్తే. కాకర, మెంతుల చేదు తరతరాలుగా తిని తెలుసుకున్నది కాబట్టి మితంగా తినవచ్చు. ఎప్పుడూ చేదుగా ఉండని కాయ చేదెక్కితే అది ఔషధం కాదు, ఉమ్మేసి పారేయాలి.